నాలుగు చెవుల గ్లాసు

తిరువళ్ళూరులో రేకును గ్లాసులుగా నొక్కే ప్రెస్సులో మా అమ్మాయి రంజని తీసిన స్టీలు గ్లాసులన్నింటికీ అంచు నాలుగు చోట్ల చెవుల్లా పైకి లేచింది. అచ్చు వంకరగా బిగించిందని, పనిలోంచి తీసేస్తానని ఓనరు అన్నాడు. పిల్ల నోరు మెదపలేదు.

నాకు నోరుంది కదా! తిరుత్తణిలో నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నవాణ్ణి, లోహాల పుస్తకాలు సొంతంగా చదువుకున్నవాణ్ణి. బస్సెక్కి వెళ్ళాను.

"తప్పు అచ్చుది కాదయ్యా, రేకుది. రోలరు కింద నలిగేటప్పుడు లోపలుండే లోహం పలుకులన్నీ ఒకే పక్కకు తిరగతాయి. అట్లాంటి రేకు ఒక దిక్కున ఎక్కువ సాగతాది, ఇంకో దిక్కున తక్కువ. చెవులు లేవకుండా ఏం చేస్తాయి?"

మధ్యలో పడుగూ పేకా గురించి పావుగంట చెప్పి ముగించాను: "తీసేస్తే ఈ రేకు ఏరినోణ్ణి తీసెయ్!"

"ఎవురు పాపా ఏరింది?" అన్నాడు ఓనరు.

రంజని తల వంచుకుంది. "ఏ రేకు కొనాలో ఏరమని ఓనరు చెప్తే, రెండు రకాల ముక్కలు ఇంటికి తెస్తే నువ్వే కదా నాయనా, గీతలు పడుగు మాదిరి నేరుగా ఉండాయి, ఇదే మేలు సరుకు అంటివి. నీ పేరు రాకూడదనే నోరు మూసుకోనుంటిని."

ఓనరు నా మాట అక్షరాలా పాటించాడు. ఏరినవాణ్ణి గేటు బయటికి పంపి, రంజనిని పనిలోకి పొమ్మన్నాడు.