రెండో భాగం

"మూత ఎయ్యొద్దు! రూబెన్, ఒక్క నిమిషం ఆగప్పా!"

ప్రేమ్ సాగర్ అరుపుకు పెట్టె చుట్టూ ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. మూత ఎత్తిన రూబెన్ దాన్ని పక్కకు దించాడు. పెట్టెలో పడుకున్నది అతని తండ్రి యేసురత్నం. ఆళ్లగడ్డలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, ప్రేమ్ సాగర్‌కు స్వయానా మేనమామ.

"ఏంది బావా?"

"మామ చేతిలో ఉండేది బైబిల్ గాదు."

పంతులుగారి చేతులు రొమ్ము మీద కలిపి, వాటి కింద ఒక పుస్తకం పెట్టారు. నల్ల తోలు అట్ట, ఎర్రరంగు అంచులు, వెన్ను మీద చెరుకు కణుపుల్లా ఉబ్బెత్తు గీతలు. బతికినన్నాళ్లూ చదువుకున్న బైబిల్‌ను చేతికిచ్చి సాగనంపడం వాళ్ల ఇళ్లలో రివాజు. అందరికీ అది బైబిలే. ప్రేమ్ సాగర్‌కు మాత్రం ఆ వెన్ను చూడగానే గుండె జారిపోయింది. అచ్చం అలాంటి వెన్నున్న పుస్తకమే అతని చేతిసంచిలో ఇంకొకటి ఉంది మరి!

ప్రేమ్ సాగర్‌కు పాత ఫ్రెంచి నవలల పిచ్చి. నంద్యాలలో అతని బీరువా నిండా అవే, అన్నీ మొదటి ముద్రణలు. చదవడం అంతంతమాత్రమే గానీ, పోగుచెయ్యడంలో మాత్రం ఎవరికీ తీసిపోడు. ఎప్పుడో మిషను దొరలు వదిలిపోయిన సామాన్లలో ఒక నవల మొదటి భాగం అతనికి, రెండో భాగం మామకు దక్కాయి. రెండూ కలిస్తే బంగారం. విడిగా ఉంటే చిత్తుకాగితం. "నా తర్వాత నీకేరా" అని మామ మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని చావింటికి పూలదండతో పాటు మొదటి భాగాన్ని కూడా మోసుకొచ్చాడు మహానుభావుడు, జత సరిపోయిందో లేదో చూసుకోవడానికి!

"అత్తా, ఒక్కసారి తీసి చూడత్తా. అది ఫ్రెంచి నవల. మామ బైబిల్ యాడనో ఉంటాది, ఎతికి అది పెడదాం."

పంతులుగారి భార్య జీవమ్మ ఏడుపు ఆపి మేనల్లుడి వంక చూసింది. "నా చేతుల్తో నేనే పెడితినప్పా. ఆయన బైబిల్ నాకు తెలీదా?"

"నీకు కండ్లు సరిగా అగుపడవు గదత్తా."

"కండ్లు అగుపడకపోతే చేతులకు గూడా తెలీదా?"

ఇక ఆగలేక ప్రేమ్ సాగర్ పెట్టెలోకి చెయ్యి చాచాడు. రూబెన్ చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తాండావ్ బావా? సచ్చిపోయినోని చేతిలో నుంచి బైబిల్ లాగుతాండావా?"

"లాగేది గాదు రూబెన్, ఒక్కసారి తెరిచి చూసి..."

"మా నాయన చేతులు బిగుసుకుపోయినాయి. ఏళ్లు ఇరిచి తీస్తావా?"

"సావుకు రాలేదప్పా ఈయప్ప, పుస్తకానికి వచ్చినట్టుండాడు" అన్నారు వెనక ఎవరో. నిజమే కాబట్టి ఆ మాట చురుక్కుమంది. ప్రేమ్ సాగర్ సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకుంటే మామ ముఖం కనబడింది. వచ్చినప్పటి నుంచి చేతుల వంకే చూశాడు గానీ, ముఖం చూడనే లేదు. ఎంత బక్కచిక్కిపోయాడు మామ! చేతిలోది బైబిల్ కాదని మామకే తెలుసేమో, ఇష్టపడి అదే పెట్టమన్నాడేమో. దాన్ని కూడా లాక్కుంటే నేనేం మనిషిని అనిపించింది. దుఃఖం తన్నుకొచ్చింది.

సంచిలో నుంచి మొదటి భాగం తీశాడు. ఒకసారి అట్ట నిమిరాడు. వంగి, మామ మోచేతి పక్కన పెట్టాడు.

"ఇది గూడా నీ తావనే ఉండనీ మామా. రెండూ ఇడిపోతే దేనికీ పనికిరావు."

"తన బైబిల్ గూడా మామకే ఇచ్చినాడు సూడు" అంటూ ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. పాస్టరుగారు అతని తల మీద చెయ్యి పెట్టి దీవించారు. "తప్పుగా అనుకుంటి బావా" అని రూబెన్ కావలించుకున్నాడు. కాదని చెప్పే ఓపిక ప్రేమ్ సాగర్‌కు లేదు. ఒక్కో మేకు దిగుతుంటే కళ్లు మూసుకున్నాడు. సమాధుల తోటలో అందరితో పాటు తనూ మట్టి వేశాడు.

తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని, ఖాళీ సంచి భుజాన వేసుకుని నంద్యాల బస్సుకు బయల్దేరబోతుంటే జీవమ్మ లోపలికి పిలిచింది. ట్రంకుపెట్టె తెరిచి, తువ్వాలులో కట్టిన మూట అతని చేతిలో పెట్టింది.

"మీ మామ నీకియ్యమన్యాడప్పా. మట్టి చేసినాంకనే ఇయ్యాలంట. 'ముందే ఇస్తివంటే నన్ను పూడ్చేదాకా గూడా ఆగడు, పుస్తకం సంకన పెట్టుకొని బస్సెక్కుతాడు' అని నగినాడు."

ప్రేమ్ సాగర్ ముడి విప్పాడు. నల్ల తోలు అట్ట. ఎర్ర అంచులు. తెరిస్తే ఫ్రెంచి అక్షరాలు, రెండో భాగం.

"అత్తా... మరి పెట్టెలోది?"

"బైబిలే. నేను చెప్తానే ఉంటి గదా! దాని అట్ట చినిగిపోతే, ఈ పుస్తకం అట్ట బాగుందని అట్లాంటిదే నంద్యాలలో ఏయించుకొచ్చినాడు."

ప్రేమ్ సాగర్ గోడకు చేరబడి అలాగే నేల మీద కూలబడ్డాడు. పాపం, సంతోషం పట్టలేకపోతున్నాడనుకుంది జీవమ్మ. పక్కన కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అతని వీపు నిమిరింది.

"మొదటిది నీ తావ ఉండాదంట గదప్పా. రెండూ ఒక్కచోటనే పెట్టుకోమని మరీమరీ చెప్పిపోయినాడు."