నాలుగంగుళాల కత్తి

"ఆ మడతకత్తి వద్దు," అన్నాడు ఫణీంద్ర.

అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో వేటసామాను అమ్మే షాపు అది. శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి జింకల వేటకి వెళ్తానని కూతురు నిధి చెప్పినప్పటి నుంచి ఆయన ఆమెతో మాటలు మానేశాడు. వారం తర్వాత నోరు విప్పడం ఇదే.

"ఎందుకు నాన్నా?"

"మడత దగ్గర రక్తం, కొవ్వు ఇరుక్కుంటాయి. ఎంత కడిగినా పోవు. ఫిక్స్‌డ్ బ్లేడ్ తీసుకో."

నిధి ఓ పొడవాటి కత్తి చూపించింది.

"అంతెందుకు? పొట్ట చీల్చేటప్పుడు మొన పేగుకి తగిలిందంటే మాంసమంతా పాడు. నాలుగంగుళాలు చాలు."

కత్తులెంచే ఆ తీరుకి కౌంటర్ వెనకున్న అమెరికన్ ఆయన్ని గౌరవంగా చూశాడు. "చాలా ఏళ్లుగా వేటాడుతున్నారా సార్?"

కేకు ముందు పెడితే గుడ్డు వేశారా అని ఆరా తీసే ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు. "లేదు. రివ్యూలు చదివాను."

నిధికి నవ్వాగలేదు. "నన్ను స్టాప్ చేయడానికి వస్తున్నావని అమ్మ చెప్పింది!"

"అందుకే వచ్చాను. ఆపితే ఆగే రకమా నువ్వు? పిచ్చి కత్తి కొని వేలు తెగ్గోసుకుంటావు."

కార్డు గీకి కత్తి తీసుకున్నాడు. నిధి చెయ్యి చాపింది. ఆయన ఇవ్వకుండా కౌంటర్ మీద పెట్టాడు.

"అక్కణ్ణించి తీసుకో. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయి."

"వారం నుంచి మనకి గొడవే కదా నాన్నా?"

"అది జింక గురించి. కత్తి దగ్గర మనకేం పేచీ లేదుగా!"