మళ్ళీ మలావీ

“ఆదివారం ప్రార్థనకు రావాల్నా? ఆదివారం మీ దేవునికి పండుగ గాని, పత్తిచేన్ల కలుపుకు గాదు గద పాస్టరు సారూ!”

పక్కింటి భీమమ్మ గోడ మీదుగా ఇమ్మానుయేలు పాస్టరుతో అంది. మానవపాడు పక్కనున్న ఆ ఊళ్ళో గడప గడపకూ తిరిగి ఆయన మోసుకొచ్చింది ఇదే మాట. ఆదివారం తెల్లారీ తెల్లారకముందే కూలి ఆటోలు వస్తాయి. వంగి కలుపు తీయగలిగిన ప్రతి మనిషినీ ఎక్కించుకుని పోతాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ప్రార్థనకు మిగిలేది పాస్టరు, ఆయన భార్య స్వరూప, కూతురు మానస, బొత్తిగా చెవులు వినపడని కురుమయ్య. కురుమయ్య మాత్రం ప్రతి వాక్యానికీ తల ఊపుతాడు. ఫ్యాను కింద కూర్చోనిచ్చినందుకు ఆ మాత్రం మర్యాద.

వచ్చే ఆదివారం హైదరాబాదు నుంచి పెద్ద పాస్టరు సుదర్శన్ గారు చూడ్డానికి వస్తున్నారు. ఫోనులో గొంతు మెత్తగానే ఉంది, సంగతే మెత్తగా లేదు.

“షెడ్డు నిండితే సంతోషం. లేకపోతే మూసేద్దాం ఇమ్మానుయేల్ గారూ. మలావీ వాళ్ళు మళ్ళీ మిమ్మల్నే అడుగుతున్నారు.”

మలావీ పేరు వినగానే పాస్టరుకు ఆకలి చచ్చిపోయింది. ఆఫ్రికాలోని ఆ దేశంలో, ఒక పల్లెలో, రెండేళ్ళు సువార్త చెప్పి వచ్చాడు.

“అక్కడ మంది లేక గాదు స్వరూపా,” అన్నాడు చెప్పులు విసురుగా వదిలి. “పాట ఎత్తుకుంటే ఊరు ఊరంత ఎగురుకుంట వచ్చేది. పగలు నా చేతుల బాప్తిస్మం తీసుకుందురు. పిల్లకు జరమొస్తే మంత్రగాని గుడిసెకు ఉరుకుదురు. సంఘపెద్ద పెండ్లామే నడుముకు మంత్రించిన తాడు కట్టుకున్నది! ఇదేందమ్మా అంటే, ‘ఏసయ్య పెద్దోడు, పెద్ద పనులు చూసుకుంటడు, చిన్నవాటికి ఆయన్నెందుకు సతాయించుడు’ అన్నది.”

స్వరూప నవ్వు ఆపుకుంది. “మంచిగనే ఆలోచన చేసింది గద, పాపం.”

“ఏం మంచి? నమ్మితే ఒక్కర్నే నమ్మాలె. ఆ రెండేండ్లు నేను చెప్పిందంత గాలికి పోయింది. ఇక్కడ జూస్తే చెప్పనీకె మనుషులే లేరు. నేనేం పాపం చేసిన్నో తెల్వదు.”

“మీరు చేసిన పాపం సంగతి నాకు తెల్వదు గాని,” స్వరూప గొంతులో నవ్వు పోయింది. “మీరు అక్కడుంటే మానస ఫోన్ల మీ మొకం జూసి, ఎవరో కొత్త మనిషని నా కొంగెనక దాక్కున్నది. మళ్ళ గట్ల కానియ్య. షెడ్డు నిండాలె. ఎట్లనన్న నిండాలె.”

అన్నానికి కూర్చున్నాక చూశాడు, ఆమె తనకు కంచం పెట్టుకోలేదు.

“నువ్వు తినవా?”

“ఒక్కపొద్దున్న.”

“ఒక్కపొద్దు గాదు, ఉపవాస ప్రార్థన అనాలె. పాస్టరు పెండ్లానివి. నీ పుట్టింటి గద్వాల మాటలు ఇంకా పోలే.”

“సరె, అదే అనుకోండ్రి.”

విసుగులో కూడా ఆయన మనసు కాస్త కుదుటపడింది. ఇంత పెద్ద లోకంలో తనతోపాటు తన దేవుణ్ణే నమ్ముకున్న మనిషి ఒకరైనా ఉంది.

మర్నాడు ఆటో నడిపే మునవ్వర్‌ను పట్టుకున్నాడు. “ఒక్క ఆదివారం ఆటో ఆపు తమ్మీ.”

“నేనాపితే అలంపురం నుంచి ఇంకొకడొస్తడు సారూ. శుక్రవారం మా జుమ్మా నమాజుకే ఆటో సేఠు నన్ను ఇడుస్తలేడు, మీ ఆదివారానికి ఇడుస్తడా?”

శనివారం సాయంత్రం ఖాళీ షెడ్డులో మోకరించిన పాస్టరుకు ప్రార్థన రాలేదు, కోపం వచ్చింది. “ప్రభువా, అక్కడ మందినిచ్చి మనసియ్యలేదు. ఇక్కడ మందినే ఇస్తలేవు. నాతోని నీకు పరాచికమా?” అన్నాడు పైకే. అని, తనే భయపడి లెంపలు వేసుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున వాన దంచికొట్టింది. నల్లరేగడి చేలలో కాలు పెడితే పిక్కల దాకా దిగబడుతుంది. ఆటోల కోసం రోడ్డు మీదికొచ్చిన ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో, కలుపు కొడవళ్ళతో పరుగెత్తి రేకుల షెడ్డులో దూరారు. వాన తగ్గలేదు, ఆటోలు రాలేదు. సుదర్శన్ గారి కారు వచ్చేసరికి లోపల కాలు పెట్టే సందు లేదు. ఊరికే కూర్చుని ఏం చేస్తామని పాటకు అందరూ చప్పట్లు అందుకున్నారు. రేకుల మీద వాన కూడా తాళం వేసింది. ఫ్యాను కింద తన చోటు పోయిందని కురుమయ్య ఒక్కడే మొహం మాడ్చుకున్నాడు.

“అద్భుతం!” అన్నారు సుదర్శన్ గారు కారెక్కుతూ. “మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిలించం. మలావీకి ఇంకొకర్ని చూస్తాం.”

ఇమ్మానుయేలు తడిసిన బట్టలతో, తడిసిన కళ్ళతో ఇంటికొచ్చాడు. స్వరూప లోపల పొయ్యి దగ్గరుంది. గోడ అవతల భీమమ్మ కొడవలి కడుక్కుంటోంది.

“చూసినవా అవ్వా! ఎవ్వరెన్ని చెప్పినా ఒక్కర్నే నమ్మినం, ఇంటిల్లిపాదిమి. వాన కురిపిచ్చి షెడ్డు నింపిండు!”

“నింపింది సారూ, నింపింది. కాదంటనా?” అంది భీమమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ. తర్వాత గోడ మీదికి వంగి వంటింటి వైపు కేకేసింది.

“పాస్టరమ్మా, గద్వాల జములమ్మ తల్లికి నువ్వు మొక్కిన కోడిని మంగళవారమే కోద్దమా?”