వెనక సీటు స్విచ్

ఆదివారం పొద్దున్నే ప్రూఫ్ రీడర్ ఇంటి ముందు పాత స్కూటర్ విప్పుకుని కూర్చున్నాడంటే, గేటు బయట టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన ప్రత్యక్షమైనట్టే.

"హారన్ మోగుతోందా బాబూ?"

ఐదు వారాలుగా అదే ప్రశ్న.

"ఇంజనే స్టార్ట్ కాలేదండీ. అది తిరిగితే గానీ హారన్ మోగదు."

"మోగాక ఒక్కసారి వినిపిస్తారా?"

"చూద్దాం లెండి."

"క్లచ్ వైరు మరీ బిగించకండి. బిగిస్తే అలుగుతుంది."

"నాకు తెలుసండీ!"

పెద్దాయన తలూపి, గేటు కమ్మీ ఒకసారి నిమిరి వెళ్ళిపోయేవాడు. బండి అలుగుతుందని మీకెలా తెలుసు అని అడగాలని ప్రూఫ్ రీడర్‌కి తోచనే లేదు. ఊళ్ళో ఉచిత సలహాలకేం కరువు?

ప్రూఫ్ రీడర్‌ది ఒంటి బతుకు. పెళ్ళి ఊసెత్తీ ఎత్తీ విసిగి, అక్క కూడా ఎప్పుడో ఫోన్లు మానేసింది. పగలంతా ప్రెస్సులో అక్షరాలతో కాపురం. ఇంటికొస్తే ఫ్యాన్ చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు.

అందుకే మెకానిక్ షెడ్డులో మూలన పడున్న ఈ స్కూటర్ని కొని ఇంటికి తోసుకొచ్చాడు. "నేను బాగుచేసిస్తాను సార్" అని మెకానిక్ అన్నా వినలేదు. ఆదివారాలు గడవాలి కదా!

కార్బురేటర్ కిరోసిన్‌తో కడిగాడు. ప్లగ్గు గీకాడు. క్లచ్ వైరు మార్చేసరికి వేలి గోరు ఊడొచ్చినంత పనైంది.

బండి నిండా పాత ఓనర్ సొంత వైద్యాలే. వెనక సీటు పక్కన ఇళ్ళకు పెట్టే కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి బిగించి ఉంది. దాని వైరు తీసుకెళ్ళి హారన్‌కి కలిపారు. హ్యాండిల్ మీద హారన్ బటన్ ఉండగానే!

"వెనక కూర్చున్నవాళ్ళకి హారన్ దేనికి? నడిపేవాడు నిద్రపోతే లేపడానికా?" అని తనలో తనే నవ్వుకున్నాడు.

డిక్కీ మూత లోపలివైపు పెయింటుతో గుండ్రటి అక్షరాలు.

ఒకటి - ఆపండి.

రెండు - నెమ్మదిగా.

మూడు - ఆకలేస్తోంది.

నాలుగు - ఏం లేదు, ఊరికే.

ఊరికేనట! అక్కర్లేనిది కంటబడితే కొట్టేయడమే అతని ఉద్యోగం. గరుకు కాగితంతో రుద్దేసి కొత్త రంగు పూశాడు. ఆ చేత్తోనే స్విచ్చూ పీకి చెత్తబుట్టలో పడేశాడు. చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది కూడా.

ఆరో ఆదివారం స్కూటర్ రెండు దగ్గులు దగ్గి అందుకుంది.

ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రూఫ్ రీడర్ చుట్టూ చూశాడు. గేటు బయట టోపీ పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ప్రూఫ్ రీడర్ మొదటిసారి ఆయనకి గేటు తీశాడు.

"రండి రండి! అయిపోయింది!"

పెద్దాయన లోపలికొచ్చి సీటు మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత బండికి వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఇప్పుడు కొట్టండి బాబూ. నాలుగుసార్లు. చిన్నగా."

"అటు తిరిగారేంటి?"

"ఇలాగే వినడం అలవాటు."

ప్రూఫ్ రీడర్ హ్యాండిల్ మీది బటన్ నొక్కాడు. పొడుగ్గా, ఒక్కసారే. వీధి దద్దరిల్లింది.

"అది కాదు బాబూ. వెనక ఒక స్విచ్ ఉండాలి..."

"అదా? పీకి పారేశానండీ. ఎవడో తలతిక్కవాడు పెట్టినట్టున్నాడు."

పెద్దాయన వెంటనే ఇటు తిరగలేదు. తిరిగేసరికి మాత్రం నవ్వుతున్నాడు.

"తలతిక్కవాడే లెండి. బండి మాత్రం మీ చేతిలో బాగా కుదిరింది."

గేటు తనే వేసి వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ప్రూఫ్ రీడర్ తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. చూపంతా గేటు మీదే ఉంది. ఎవరూ ఏమీ అడగని ఆదివారం ఎంత పొడుగో ఇప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ తాను ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసమేనని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అయినా ఒప్పుకున్నాడు.

బండి తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు.

"టోపీ పెట్టుకునే పెద్దాయన ఒకరు మా వీధికి వచ్చేవారు. నీకేమైనా తెలుసా? బండి మీద ఓ రౌండు తిప్పుదామని."

"ఆయనా? ఈ బండి ఆయనదే కదా సార్! భార్య పోయాక ఇక ఎక్కలేనని నాకిచ్చేశాడు. పోయిన వారమే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"అడిగాను. నవ్వి ఊరుకున్నాడు."

తలతిక్కవాడు అన్న తన మాట ప్రూఫ్ రీడర్‌కే గుచ్చుకుంది.

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. వెనక సీటు దగ్గర ఆగి, వంగి చూశాడు.

"స్విచ్ ఏది సార్?"

"తీసేశాను. అసలెందుకది?"

మెకానిక్ స్విచ్ ఊడిన చోట వేలితో తడిమాడు.

"ఆయన ఇంట్లో కూర్చుని సొంతంగా బిగించుకున్నాడు సార్, నన్ను చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. ఆయన భార్యకి పుట్టుకతోనే మాట రాదు. ముప్పై ఏళ్ళూ ఆ వెనక సీట్లో కూర్చుని ఆయనతో మాట్లాడింది దాంతోనే."