వరస వంగిన చోటు

మంగళవారం ఉదయం బడిపిల్లల వరస ఒక మనిషిని చుట్టి వెళ్ళింది.

మసుమి వంటింటి కిటికీలోంచి చూసింది. ముందు తన కూతురు చిహారు. ఆరో తరగతి కదా, ఈ ఏడు వరసకి పెద్ద తనే. వెనక తొమ్మిదిమంది చిన్నవాళ్ళు.

పక్క ఖాళీ జాగా ముందు, రోడ్డు అంచున, ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కదలలేదు. పిల్లలే పక్కకి జరిగి దాటారు.

"అత్తయ్యా, ఆయనెవరు?"

"పాత టోఫూ కొట్లో అద్దెకి దిగాడుగా. పై ఊరివాడు." తోకీ ముల్లంగి ఊరగాయ తరుగుతూ తలెత్తలేదు. "నిన్న అక్కడే వెదురుకర్ర పాతాడు, ఎర్రగుడ్డ కట్టి. మనం మంచు పోసుకునే జాగా తనదేనట."

"అలా అన్నాడా?"

"అనడమెందుకు? కర్ర పాతితే ఇంకేమిటి అర్థం? పీకి, తీసుకెళ్ళి వాడి గుమ్మంలో పెట్టొచ్చాను."

"ఏమైనా చెప్పారా?"

"ఏం చెప్పాలి? పెట్టాను. వాడికే తెలుస్తుంది."

జపాన్‌లో మా యమగతా కొండల్లో ఇరుగుపొరుగు తగాదాలు అలాగే నడుస్తాయి. నోరు విప్పడం మర్యాద కాదు.

శనివారం మొదలైన మంచు ఇంకా ఆగలేదు. తెల్లవారి అయిదింటికి యంత్రం వచ్చి రోడ్డు మీది మంచుని అంచులకి నెట్టిపోతుంది. ఆరు నుంచి ఏడు దాకా ఈ వీధి వంతు. ఎవరి ఇంటి ముందు వాళ్ళు రోడ్డు అంచు కింద పారే కాలువ మీది ఇనుపమూత ఎత్తి, మంచుని నీళ్ళలోకి తోసి, మూత పెట్టెయ్యాలి. వంతు తప్పి వేస్తే కాలువ పూడుకుపోయి నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. మా పేటలో దొంగనైనా క్షమిస్తారు గాని వంతు తప్పినవాణ్ణి క్షమించరు.

బుధవారం ఆ మనిషి మళ్ళీ అక్కడే ఉన్నాడు.

"మీతో ఏమైనా మాట్లాడతాడా?" సాయంత్రం కూతుర్ని అడిగింది మసుమి.

"లేదమ్మా. లెక్కపెడతాడు."

"దేన్ని?"

"మమ్మల్నే. పెదాలు కదుపుతాడు. పదిమందిమీ దాటాక తలూపి వెళ్ళిపోతాడు."

ఆ రాత్రి మసుమికి నిద్ర పట్టలేదు. కూతురు గడప దాటిన ప్రతి ఉదయమూ ఆమెకి ఏదో ఒక భయం ఉండేది. ఇప్పుడా భయానికి ఒక ముఖం దొరికింది. దొరికినందుకు లోలోపల కొంచెం హాయిగా కూడా ఉంది. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోలేదు.

గురువారం కూడా అతను నిలబడ్డాడు. ఆ సాయంత్రం వీధి సంఘం పెద్ద కుదో గారిని వెంటబెట్టుకుని మసుమి టోఫూ కొట్టు తలుపు తట్టింది.

"రేపటి నుంచి అక్కడ నిలబడకండి," అన్నాడు కుదో.

ఆ మనిషి నడుము వంచి నమస్కరించాడు. "పిల్లలు దాటేదాకానే, అయ్యా."

"అదే వద్దంటున్నాను. తల్లులు భయపడుతున్నారు."

అతను మసుమి వైపు తిరిగాడు. "అమ్మా, అక్కడ కింద..."

"కిందా మీదా మాకొద్దు," కుదో అడ్డుకున్నాడు. "మా సంఘంలో చేరారా? లేదు. ఒక్క మీటింగుకైనా వచ్చారా? లేదు. చెప్పేదేదో ఉంటే పోలీసులకి చెప్పుకుందురు గాని."

తెరిచిన నోరు అతను మెల్లగా మూసుకున్నాడు. ఇలా మూసుకోవడం అతనికి కొత్త కాదని మసుమికి అనిపించింది.

"అయితే నిలబడను," అన్నాడు. "రేపటికి వేరే ఏదైనా చూస్తాను."

తిరుగుదారిలో కుదో నవ్వాడు. "వేరే వీధి చూసుకుంటాడట. ఇక వాళ్ళ ఖర్మ."

శుక్రవారం ఉదయం రోడ్డు అంచున ఎవరూ లేరు. పిల్లల వరస ఎక్కడా వంగకుండా తిన్నగా సాగిపోయింది. మసుమి ఆ వారంలో మొదటిసారి టీ చల్లారకముందే తాగింది.

తొమ్మిదింటికి నీళ్ళు వీధి మీదికొచ్చి గడపలు ఎక్కసాగాయి.

"ఎవడో వంతు తప్పి మంచు గుమ్మరించాడు," అంది మసుమి, గోనెలు పరుస్తూ.

"ఎవడో ఏమిటే, వాడే," అంది తోకీ. "నిన్న మాట పడ్డాడుగా. కడుపుమంట."

వీధంతా అదే మాట. టోఫూ కొట్లో చూస్తే మనిషి లేడు. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

వీధి చివర కాలువకి అడ్డంగా ఇనుపజాలీ ఉంటుంది. కుదో కొక్కెం గెడతో అక్కడ కెలికాడు. చుట్టూ చేరినవాళ్ళు తిడుతూనే ఉన్నారు.

"మంచు కాదు," అన్నాడు కుదో.

గెడ వదిలేసి జాలీ మీదికి వంగాడు.

నలుగురు కలిసి ఆ మనిషిని పైకి లాగారు. కుడి మణికట్టుకి తెగిన తాడుముక్క చుట్టి ఉంది. ఆగిపోయిన నీళ్ళు ఒక్కసారిగా కదిలి, కాలువ మళ్ళీ పారింది.

కుదో ఫోను చేశాడు. "పేరా?" అని చుట్టూ చూశాడు. "పేరు తెలీదండీ. మా సంఘంలో లేడు."

మసుమి వెనక్కి నడిచింది. ఎవరూ పిలవలేదు, ఆపలేదు. ఖాళీ జాగా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మంచు తీసింది. ఇంటి నేల నుంచి ఊడదీసిన నాలుగు చెక్కపలకలు, పక్కపక్కన చేర్చి మేకులు కొట్టినవి. ఒక మూల కట్టిన తాడు, సగంలో తెగింది; దాని రెండో ముక్కే అతని మణికట్టుకి ఉన్నది. పలకల మీద గట్టిపడిన మంచులో చిన్న చిన్న బూట్ల గుర్తులు ఇంకా చెరగలేదు.

పలక అంచు పట్టి ఎత్తింది. కింద నల్లటి నీళ్ళు, మనిషిని మోసుకుపోయేంత వేగంగా.

ఇనుపమూత లేదు. యంత్రం ఎప్పుడు ఈడ్చుకుపోయిందో. ఖాళీ జాగా ముందరి మూత ఎవరి వంతూ కాదు గనక ఎవరూ చూడలేదు.

మంగళవారం, బుధవారం, గురువారం ఆ కాలువకి మూత ఆ మనిషే.