పేరు లేని పళ్ళు

ప్లాస్టర్ అచ్చును దీపం కింద తిప్పి చూసి పళ్ళ మేస్త్రి పెదవి విరిచాడు.

ఎవరో ఆడమనిషి పళ్ళు. వెనక పళ్ళన్నీ సానరాయి మీద అరగదీసినట్టు చదునైపోయాయి. ఒకటి నిలువునా చీలింది.

డాక్టర్ల దగ్గర నుంచి, కట్టుడు పళ్ళు చేసే ఆయన ల్యాబ్‌కు అచ్చులే వస్తాయి, పేర్లు రావు. అడుగున నంబరు ఒక్కటే ఉంటుంది. దీని గురించి మాత్రం డాక్టరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆవిడ నిద్రలో కాదు, పట్టపగలు, ఇంటి పని చేసుకుంటూనే పళ్ళు బిగించి నూరుతుందట. నూరుతున్న సంగతి తనకే తెలియదట. ఇలాగే సాగితే వెనక పళ్ళన్నీ పీకేయాల్సి వస్తుందట. పగలు పెట్టుకోవడానికి పల్చటి తొడుగు కావాలి, ఎక్కడా గుచ్చుకోకూడదు.

"ఇంట్లో ఎవరో బాగానే నూరిస్తున్నారు," అన్నాడు డాక్టరు.

మేస్త్రికి ఒళ్ళు మండింది. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే పనిముట్టు ముట్టడు. దారిన పోయేవాళ్ళు నవ్వితే చాలు, పళ్ళు చూసి గుణం చెప్పేస్తానంటాడు. ఈ అచ్చులో ఆయనకు మొగుడు కనిపించాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి భార్యకు అంతా చెప్పాడు.

"పెళ్ళాంతో మెత్తగా మాట్లాడ్డం రాదోయ్ కొందరికి. నన్ను చూడు, ఏదైనా నిదానంగా విడమర్చి చెప్తాను."

"ఊఁ," అంది ఆవిడ.

గరిటె ఎలా పట్టుకుంటే కూర చెదరదో విడమర్చి చెప్పాడు. గిన్నెలు ఏ వరసలో కడిగితే నీళ్ళు ఆదా అవుతాయో చెప్పాడు. అది పూర్తయ్యేసరికి అన్నం చల్లారింది. చల్లారిన అన్నం ఎందుకు వడ్డించకూడదో చెప్పాడు.

ఆవిడ అన్నం గిన్నె లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చింది.

తొడుగు మీద ఆయన ప్రాణం పెట్టాడు. అంచులు వేలికి కూడా తగలనంత నున్నగా రుద్దాడు. కింద పడినా కళ్ళకు కనబడాలని అంచుకు సన్నగా నీలం రంగు అద్దాడు. అలా ఎవరికీ చేయలేదు. పాపం ఆ తల్లి ఎవరో.

అనుమానం మాత్రం పై వాటా మీదికి పోయింది. అక్కడ లారీ డ్రైవరూ పెళ్ళామూ అరుచుకుంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. తొడుగు డాక్టరుకు పంపేసి, సాయంత్రం మెట్లెక్కి, డ్రైవరును కూర్చోబెట్టి శాంతం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. ఎవరి పళ్ళు, ఏ మొగుడు అన్నది అర్థమయ్యాక పెళ్ళాం పగలబడి నవ్వింది. పళ్ళన్నీ మొక్కజొన్న పొత్తులా నిక్షేపంగా ఉన్నాయి.

"ఆయన ఒకటంటే నేను నాలుగంటాను అన్నయ్యగారూ. ఇక పళ్ళు నూరుకోడానికి తీరికేదీ?"

మేస్త్రి ముఖం ముడుచుకుని దిగొచ్చాడు. నోరున్న ఆడవాళ్ళకు ఏ జబ్బులూ రావేమో, దేవుడి లెక్క ఏమిటో అనుకున్నాడు. తన ఇల్లాలు నోట్లో నాలుక లేని మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తన అదృష్టానికి తనే మురిసిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు.

"ఆ మొగుడెవడో దొరకలేదోయ్. దొరికితే నిలబెట్టి నాలుగు మాటలు చెప్తా," అని, ఆ ఊపులోనే కూరలో ఉప్పు ఎప్పుడు వేయాలో అందుకున్నాడు.

ఆవిడ ఎదురుగా కూర్చుని, నోట్లోంచి నీలం అంచు తొడుగు తీసి ఆయన కంచం పక్కన పెట్టి, "చక్కగా చేశారండీ, ఎక్కడా గుచ్చుకోవడం లేదు," అంది.