మూసి ఉన్న నాలుగు పేజీలు

మబ్బు పట్టిన ఆ ఉదయం మంగతాయారు రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే తెడ్ల చక్రాలు, ఏరియేటర్లు, ఆగిపోయాయి. ఇంకో గంట తిరగకపోతే రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. వాటిని నడిపే కొత్త ప్రోగ్రాం, కెర్నెల్, చదవడానికిచ్చిన ఆర్నెల్ల గడువు ఆ పొద్దుతో తీరింది; దాని కింద "చదివాను, అంతా తెరిచే ఉంది" అని మంగతాయారు సంతకం పెడితేనే మళ్లీ తిరుగుతాయి. ఆ కాలంలో ప్రతి యంత్రానికీ అదే చట్టం.

ఊళ్లో అందరూ చదవకుండానే పెట్టేశారు. చదువు రాని రోజుల్లో వేసిన వేలిముద్రలు ఇక చాలనుకున్న మంగతాయారు మాత్రం ఆర్నెల్లుగా తెర మీద వరుస కింద వేలు పెట్టి చదువుతూ చివరికొచ్చింది. అక్కడ నాలుగు పేజీల నిండా ఉత్త అంకెలు.

"ఇదేంటి బాబూ?"

"అది కంపెనీ మూసేసి ఇచ్చిన కోడ్ ముద్దండి, చదవడానికి కాదు," అన్నాడు మెకానిక్ ఫణీంద్ర. "మిగతాదంతా ఓపెన్ సోర్సే, ఎవరైనా చదవొచ్చు కదండీ!"

"మరి చక్రాలు ఆపిందేది? నేను చదివిందా, ఈ ముద్దా?"

"ముద్దేనండి. పెట్టేయండి పిన్నిగారూ, రొయ్యలు పోతాయి."

ఆవిడ "నాలుగు పేజీలు మూసి ఉన్నాయి" అని రాసి, దాని కింద సంతకం పెట్టింది. తెర ఒప్పుకోలేదు.

"ఒప్పుకోకపోతే పోనీ," అంటూ చెంగు బొడ్లో దోపి, షెడ్డులో ఒకప్పుడు తెడ్ల చక్రాలు తిప్పిన డీజిల్ ఇంజన్ మీది గోనెపట్టా లాగేసింది. "హ్యాండిల్ అందుకో. దీంట్లో నేను విప్పి చూడని నట్టు ఒక్కటీ లేదు."